తక్షణ ఛాయాచిత్ర పితామహుడు ఎడ్విన్ లాండ్

పసిపిల్లల ప్రశ్నలను పెద్దలు సాధారణంగా చిరునవ్వుతో దాటవేస్తారు. కాని మూడేళ్ళ బాలిక అడిగిన ఒక ప్రశ్నను దాటవేయక, దానికి సమాధానం వెదకి, ఛాయాచిత్రకళ గతినే మార్చిన శాస్త్రజ్ఞుడు ఒకడున్నాడు. ఆయనే ఎడ్విన్ హెర్బర్ట్ లాండ్.

లాండ్ 1909 మే 7వ తేదీన అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, బ్రిడ్జ్‌పోర్ట్ నగరంలో జన్మించాడు. తూర్పు ఐరోపా నుండి వలస వచ్చిన యూదు కుటుంబం వారిది. తండ్రి పాత లోహాల వ్యాపారి. బాల్యం నుండి లాండ్‌కు కాంతి విషయంలో తీరని కుతూహలం ఉండేది. 1926లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరాడు గాని, తరగతి గది ఆయన జిజ్ఞాసను తృప్తిపరచలేకపోయింది. కొద్ది నెలలకే చదువు విడిచి న్యూయార్క్ చేరాడు. అక్కడి ప్రజా గ్రంథాలయంలో కాంతిశాస్త్ర గ్రంథాలను పఠించేవాడు. రాత్రివేళ కొలంబియా విశ్వవిద్యాలయ ప్రయోగశాలలోకి రహస్యంగా ప్రవేశించి ప్రయోగాలు చేసేవాడు.

కాంతి తరంగాలు సహజంగా అన్ని దిశలలోను కంపిస్తూ ప్రయాణిస్తాయి. వాటిలో ఒక్క దిశలో కంపించే వాటిని మాత్రమే పోనిచ్చి, తక్కిన వాటిని అడ్డగించడాన్ని ధ్రువణం అంటారు. ఆ కాలంలో ఈ పనికి అరుదైన పెద్ద స్ఫటికాలు అవసరమయ్యేవి. ఒక పెద్ద స్ఫటికం కోసం ప్రయాసపడటం కంటె, అసంఖ్యాకమైన సూక్ష్మ స్ఫటికాలను ఒకే వరుసలో నిలిపి పలుచని రేకులో పొదగడం మేలని లాండ్ గ్రహించాడు. 1929లో దానికి పేటెంటు కోరుతూ దరఖాస్తు చేశాడు. తిరిగి హార్వర్డ్‌లో చేరినా పట్టా పుచ్చుకోకుండానే బయటకు వచ్చి, 1932లో జార్జ్ వీల్‌రైట్ అనే భౌతికశాస్త్ర అధ్యాపకునితో కలసి ప్రయోగశాలను స్థాపించాడు. 1937లో పోలరాయిడ్ సంస్థ అవతరించింది. ఎదురుగా వచ్చే వాహనాల దీపకాంతి వలన కలిగే ప్రమాదాలను నివారించాలన్నది ఆయన తొలి ఆశయం. కార్ల తయారీదారులు దానిని స్వీకరించలేదు. అయితే ఆ రేకులతో చేసిన చలువ కళ్ళద్దాలు లోకప్రసిద్ధి పొందాయి.

1943 డిసెంబరులో లాండ్ కుటుంబంతో కలసి న్యూమెక్సికో రాష్ట్రంలోని శాంటా ఫే నగరానికి విహారయాత్రకు వెళ్ళాడు. అక్కడ తన కుమార్తె జెన్నిఫర్‌ను ఫోటో తీశాడు. తీసిన బొమ్మ వెంటనే ఎందుకు కనబడదని ఆ పాప అడిగింది. ఆ రోజులలో ఫిల్మును చీకటి గదిలో రసాయనాలతో కడిగి, ఆ తరువాత కాగితంపై ముద్రించవలసి వచ్చేది. కుమార్తె ప్రశ్నను మననం చేసుకుంటూ ఆ ఊరి వీధులలో నడచిన లాండ్, గంటసేపటిలోనే కెమెరా, ఫిల్ము, రసాయన క్రియల రూపురేఖలను ఊహించాడు. ఊహకు గంట చాలింది కాని, ఆచరణకు సంవత్సరాలు పట్టింది. 1947 ఫిబ్రవరి 21న న్యూయార్క్‌లో జరిగిన శాస్త్రజ్ఞుల సమావేశంలో తన చిత్రాన్నే తీసి, నిమిషంలో చూపి సభను విస్మయపరచాడు. 1948 నవంబరులో మోడల్ 95 అనే కెమెరా బోస్టన్ నగరంలో అమ్మకానికి వచ్చింది. దాని వెల 89.75 డాలర్లు. తెచ్చిన కెమెరాలన్నీ తొలిరోజే అమ్ముడుపోయాయి.

ఆ కెమెరాతో చిత్రం తీసే విధానం ఆసక్తికరమైనది. మీట నొక్కిన తరువాత వెలుపలికి ఉన్న కాగితపు కొసను లాగాలి. అప్పుడు నెగెటివ్, దానికి జతయైన మరొక కాగితం రెండు రోలర్ల నడుమ కలసి సాగుతాయి. ఆ ఒత్తిడికి రసాయనం నింపిన చిన్న సంచి పగిలి, అందలి ద్రవం ఆ రెండింటి మధ్య సమంగా పరచుకొంటుంది. కాంతి సోకని చోట ఉన్న వెండి లవణాలు కరిగి, రెండవ కాగితాన్ని చేరి బొమ్మగా ఏర్పడతాయి. నిమిషం తరువాత కెమెరా వెనుక తలుపు తెరచి బొమ్మను ఒలుచుకోవచ్చు. తొలి చిత్రాలు గోధుమ వర్ణంలో ఉండేవి. 1950లో వచ్చిన నలుపు తెలుపు చిత్రాలు కొంతకాలానికే వెలిసిపోసాగాయి. చిత్రంపై రక్షక లేపనం పూసే ఉపాయంతో ఆ లోపాన్ని సవరించారు. పట్టాలను గాక ప్రతిభను గుర్తించే లాండ్, కళాచరిత్ర చదివిన మెరో మోర్స్ అనే యువతికి నలుపు తెలుపు ఫిల్ము పరిశోధన బాధ్యతను అప్పగించాడు. 1963లో రంగుల ఫిల్ము వచ్చింది. 1972లో మడిచి పెట్టుకోదగిన ఎస్ఎక్స్-70 కెమెరా వెలువడింది. అందులో చిత్రం తనంతట తానే బయటకు వచ్చి, చూస్తుండగానే రంగులు విచ్చుకొనేది.

విజయం వెంట పరాజయం కూడ వచ్చింది. 1977లో లాండ్ పోలావిజన్ అనే తక్షణ చలనచిత్ర పరికరాన్ని ప్రవేశపెట్టాడు. అది ధ్వని లేనిది. తీయగలిగిన నిడివి కొద్ది నిమిషాలే. అప్పటికే వీడియో టేపులు వ్యాప్తిలోకి వస్తున్నాయి. ఫలితంగా సంస్థకు భారీ నష్టం వాటిల్లింది. 1980లో ఆయన ప్రధాన పదవిని వదులుకొన్నాడు. 1982లో తాను నిర్మించిన సంస్థతో సంబంధమే తెంచుకొన్నాడు. అయినా క్రుంగిపోక, తాను నెలకొల్పిన రోలాండ్ పరిశోధన సంస్థలో, మానవనేత్రం రంగులను ఎలా గ్రహిస్తుందన్న అంశంపై పరిశోధన సాగించాడు. 500కు పైగా పేటెంట్లు పొంది, 1991 మార్చి 1న కన్నుమూశాడు. పట్టా లేకుండా వెళ్ళిన ఆయనకు హార్వర్డ్ 1957లోనే గౌరవ డాక్టరేటు ప్రదానం చేయడం విశేషం.

డిజిటల్ కెమెరాల రాకతో పోలరాయిడ్ సంస్థ 2001లో దివాలా తీసింది. 2008లో ఫిల్ము తయారీ మానివేస్తున్నట్లు ప్రకటించింది. అప్పుడు కొందరు అభిమానులు నెదర్లాండ్స్‌లోని కర్మాగారాన్ని నిలబెట్టుకొని, 2010లో మరల ఫిల్ము అందించారు. అందువలననే ఆ పాత కెమెరాలు నేటికీ పనిచేస్తున్నాయి. ఒక ఫిల్ము పెట్టెలో వచ్చే చిత్రాలు ఎనిమిదే. కావున వాటిని వాడేవారు మీట నొక్కేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు.

లాండ్‌ను గెలిపించినది, ఓడించినది ఒకే గుణం. అది పట్టుదల. పసిపాప ప్రశ్నను విన్నంత శ్రద్ధగా మారుతున్న కాలాన్ని కూడ విని ఉంటే, ఆయన తన సంస్థను వీడవలసివచ్చేది కాదేమో! అయినా ప్రశ్నను గౌరవించినవాడే కొత్తదారిని కనుగొంటాడనడానికి ఆయన జీవితమే నిదర్శనం.