మార్లవాయిని సొంత ఊరు చేసుకున్న హైమన్‌డార్ఫ్

మన ఆత్మకూరుకు ఒకవైపు నల్లమల, మరోవైపు కృష్ణమ్మ. అడవిలో చెంచు గూడేలున్నాయి. శ్రీశైలం జలాశయంలో 1980ల తొలినాళ్లలో మునిగిపోయిన ఊళ్ల నుంచి మూటాముల్లె సర్దుకుని వచ్చిన కుటుంబాలూ ఈ చుట్టుపక్కల ఉన్నాయి. మన హాస్టల్‌లో చదివినవారిలో ఆ ఇళ్ల పిల్లలం ఎందరమో. ఎండాకాలం నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడితే, పెద్దలు దేవుడి దర్శనంతో పాటు పాత ఊరి జాడ కూడా వెతుక్కుంటారు. అందుకే స్వదేశానికి దూరమై, ఇంకెక్కడో ఊరు సంపాదించుకున్న ఒక మహనీయుని గురించి ఈ వార్షికోత్సవ సంచికలో తమ్ముళ్లకు చెప్పదలిచాము.

ఆయన పేరు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. 1909లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో సంపన్న కుటుంబంలో జన్మించారు. మానవశాస్త్రం చదివి 1936-37లో నాగా కొండల్లో పరిశోధన చేశారు. 1938లో ఆస్ట్రియాను జర్మనీ ఆక్రమించుకుంది. మరుసటి ఏడాది ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మళ్లీ భారతదేశం వచ్చేసరికి రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండటంతో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను శత్రుదేశీయునిగా చూసింది. హైదరాబాదు సంస్థానం దాటి వెళ్లరాదని కట్టడి చేసింది.

ఆయన ఆ కట్టడిని పనిగా మలుచుకున్నారు. 1940లో కృష్ణకు అవతలి ఒడ్డున అమ్రాబాద్ అడవుల్లో చెంచుల మధ్య గడిపారు. వారిపై రాసిన పుస్తకం 1943లో వెలువడింది.

1940లోనే ఆదిలాబాద్ జిల్లా జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకునే బాధ్యతను నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆ దంపతులు మార్లవాయి గ్రామంలో గుడిసె వేసుకుని, గోండి భాష నేర్చుకుని, వారిలో ఒకరై బతికారు. అడవిని రిజర్వు చేసి, సాగు చేసుకుంటున్న గోండులను వెళ్లగొట్టడమే తిరుగుబాటుకు మూలమని ఆయన గ్రహించారు. తరతరాలుగా దున్నినా చేతిలో కాగితం లేకపోవడంతో వారు సొంత గడ్డపైనే కాందిశీకులయ్యారు.

ఆయన కృషి ఫలితంగా వేలాది కుటుంబాలకు లక్ష ఎకరాలకు పైగా పట్టాలు అందాయి. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి భాషలో వాచకాలు తయారయ్యాయి. తమ ఊరి పిల్లలకు తమవాడే పంతులు కావడం ఆ గూడేలకు అదే మొదలు.

తర్వాత ఆయన లండన్‌లో ఆచార్యులయ్యారు. అయినా మార్లవాయిని మరువలేదు. 1970లలో తిరిగి వచ్చి చూస్తే, పట్టా పొందిన భూములు ఎన్నో వలస వచ్చిన ఆసాముల పాలయ్యాయి. ఆ బాధను 1982లో వెలువడిన గ్రంథంలో నమోదు చేశారు.

1987 జనవరి 11న బెట్టీ ఎలిజబెత్ హైదరాబాదులో కన్నుమూశారు. ఆమెను మార్లవాయిలోనే ఖననం చేశారు. 1995లో ఆయన లండన్‌లో మరణించారు. 2012లో ఆయన అస్థికలు కూడా భార్య సమాధి పక్కకే చేరాయి. ఏటా ఆదివాసులు అక్కడ వారి వర్ధంతి జరుపుకుంటారు.

సోదర విద్యార్థులారా! ఇంటి స్థలం ఇచ్చినంత మాత్రాన ఊరు ఏర్పడదు. భూమికి కాగితం కావాలి, ఆ కాగితాన్ని చదివి కాపాడేవాడు ఇంట్లో ఉండాలి. మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ట్రంకుపెట్టెలో దాచిన పట్టా, పాసు పుస్తకం బయటికి తీసి, సర్వే నంబరు సరిచూసి, అమ్మానాన్నలకు చదివి వినిపించండి. హైమన్‌డార్ఫ్ దంపతులకు మనం అర్పించగల నివాళి అదే.