జోసెఫిన్ బట్లర్

జోసెఫిన్ ఎలిజబెత్ బట్లర్ (ఏప్రిల్ 13, 1828 - డిసెంబర్ 30, 1906) ఇంగ్లండుకు చెందిన సంఘ సంస్కర్త, రచయిత్రి. ఆంగ్లికన్ చర్చికి చెందిన ఈమె, బ్రిటన్‌లోని అంటురోగ చట్టాల రద్దుకై 1869 నుండి 1886 వరకు సాగిన ఉద్యమానికి నాయకత్వం వహించింది.

బాల్యం

జోసెఫిన్ నార్తంబర్లాండ్‌లోని మిల్‌ఫీల్డ్‌లో జన్మించింది. తండ్రి జాన్ గ్రే వ్యవసాయ సంస్కర్త, బానిసత్వ నిర్మూలనను బలపరచినవాడు. 1832 నాటి సంస్కరణ చట్టం తెచ్చిన ప్రధానమంత్రి ఎర్ల్ గ్రే ఆయనకు బంధువు. ఇంట్లో రాజకీయ చర్చలు ఆడపిల్లల ఎదుటనే జరిగేవి. ఆ కాలంలో ఇది అరుదు.

వివాహం

1852 జనవరి 8న జోసెఫిన్‌కు జార్జి బట్లర్‌తో వివాహమైంది. అధ్యాపకుడైన ఆయన తరువాత మతగురువుగా అభిషిక్తుడయ్యాడు. భార్యాభర్తలు సమానులన్నది ఆయన అభిప్రాయం. ఆక్స్‌ఫర్డులో ఉన్నప్పుడు, ఒక విద్యావంతుని చేతిలో మోసపోయి, తన శిశువును చంపిన నేరానికి న్యూగేట్ జైలులో ఉన్న యువతి సంగతి వీరికి తెలిసింది. శిక్ష ముగిసిన తరువాత దంపతులు ఆమెను తమ ఇంట పనిలో పెట్టుకొన్నారు. మోసగించిన పురుషుని ఎవరూ ప్రశ్నించలేదు. ఈ రెండు రకాల నీతి జోసెఫిన్ మనసులో బలంగా నాటుకొంది.

వీరికి ముగ్గురు కుమారులు, ఒక కుమార్తె. 1864లో చెల్టెన్‌హామ్‌లోని ఇంటిలో కుమార్తె ఇవా మేడపై నుండి పడి మరణించింది. 1866లో జార్జి లివర్‌పూల్ కళాశాల ప్రధానాచార్యుడు కావడంతో కుటుంబం అక్కడికి తరలింది. తనకంటే దుఃఖితులైనవారిని వెదకుతూ జోసెఫిన్ బ్రౌన్‌లో హిల్ అనాథ శ్రమాలయానికి వెళ్ళి, పాత తాళ్ళను విప్పి నార తీసే స్త్రీలతో పాటు నేలపై కూర్చొని పని చేసింది. రోగగ్రస్తులైన కొందరిని ఇంటికే తెచ్చి సేవ చేసింది. దీనికి జార్జి అడ్డు చెప్పకపోగా తోడ్పడ్డాడు.

అంటురోగ చట్టాలపై పోరాటం

సైనికులలో సుఖవ్యాధులను అరికట్టుటకు 1864, 1866, 1869లలో ఈ చట్టాలు చేయబడ్డాయి. సైనిక, నౌకాదళ పట్టణాలలో పోలీసులు వేశ్యగా అనుమానించిన ఏ స్త్రీనైనా వైద్యపరీక్షకు పంపవచ్చు. వ్యాధి ఉన్నదని తేలితే నెలల తరబడి ఆసుపత్రిలో నిర్బంధించవచ్చు. పురుషులకు ఏ పరీక్షా లేదు.

1869లో ఉద్యమానికి నాయకత్వం వహించమని కోరినప్పుడు జోసెఫిన్ వెంటనే అంగీకరించలేదు. మర్యాదస్త్రీలు నోటితో పలుకరాని విషయమది. భర్త ఉద్యోగానికి ముప్పు. చివరకు తన ఉద్దేశమును లేఖగా వ్రాసి, ఆయన చదువుగదిలో చేతికిచ్చి వచ్చేసింది. కొన్ని రోజుల తరువాత ఆయన సమ్మతి తెలిపాడు. అనంతరం స్త్రీల జాతీయ సంఘం ఏర్పడింది. దాని ప్రకటనపై ఫ్లారెన్స్ నైటింగేల్ కూడా సంతకం చేసింది.

1870లో కోల్చెస్టర్ ఉప ఎన్నికలో ఆమె బస చేసిన హోటలుపై అల్లరిమూకలు దాడి చేశాయి. 1872లో పాంటిఫ్రాక్ట్‌లో గడ్డి అటకపై స్త్రీల సభ జరుగుతుండగా ప్రత్యర్థులు కింద నిప్పు పెట్టారు. 1871లో నాటింగ్‌హామ్ చర్చి మహాసభలో ఈ విషయంపై ప్రసంగించబోయిన జార్జిని తోటి మతగురువులే కేకలతో ఆపివేశారు. చర్చిలో ఆయన ఎదుగుదల కుంటుపడింది. 1882లో గాని వించెస్టర్‌లో కానన్ పదవి లభించలేదు. చట్టాలు 1883లో నిలుపుదల చేయబడి, 1886లో రద్దయ్యాయి.

భారతదేశంతో సంబంధం

భారతదేశపు కంటోన్మెంట్లలో కూడా ఇటువంటి పద్ధతే అమలులో ఉండేది. బ్రిటన్‌లో రద్దు తరువాత జోసెఫిన్ దీనిపై దృష్టి సారించింది. ఆమె మాత్రం ఎన్నడూ భారతదేశానికి రాలేదు. భారతీయ స్త్రీలను కేవలం నిస్సహాయులుగా చిత్రించిందని ఆధునిక చరిత్రకారులు కొందరు విమర్శించారు; ఈ విమర్శలో సత్యం లేకపోలేదు.

చివరి సంవత్సరాలు

జార్జి 1890 మార్చి 14న మరణించాడు. ఆయన జ్ఞాపకాలను ఆమె 1892లో గ్రంథంగా ప్రచురించింది. బోయర్ యుద్ధంలో ఆఫ్రికా నల్లజాతీయుల పట్ల బోయర్ల ప్రవర్తనను చూపి బ్రిటన్‌ను సమర్థించడం ఆమె మిత్రులనేకులకు రుచించలేదు. నార్తంబర్లాండ్‌లోని వూలర్‌లో మరణించిన ఆమెను కిర్క్‌న్యూటన్‌లో ఖననం చేశారు. ఇంగ్లండు చర్చి ఏటా మే 30న ఆమెను స్మరిస్తుంది. డర్హం విశ్వవిద్యాలయంలో 2006లో ఆమె పేరిట ఒక కళాశాల ప్రారంభమైంది.