ఎరిక్ మరియా రెమార్క్: నిజము పలికిన కలము

ఉపాధ్యాయుని నోటి మాట శిష్యుల ప్రాణములను తీయగలదని హెచ్చరించిన నవల యొకటి కలదు. దానిని వ్రాసినవాడును కొంతకాలము బడిపంతులుగా పనిచేసినవాడే. అతడే జర్మన్ రచయిత ఎరిక్ మరియా రెమార్క్.

1898 జూన్ 22న జర్మనీలోని ఓస్నబ్రూక్ పట్టణమున, పుస్తకముల బైండింగు పనిచేయు ఒక సామాన్యుని ఇంట రెమార్క్ జన్మించినాడు. ఉపాధ్యాయ శిక్షణ పొందుచుండగా, 1916 నవంబరులో సైన్యమునుండి పిలుపు వచ్చినది. అప్పటి కతనికి 18 ఏండ్లు. 1917 జూలై 31న ఫ్లాండర్స్ రణరంగమున ఫిరంగి గుండ్ల తునకలు తగిలి గాయపడినాడు. యుద్ధము ముగియువరకు అధిక కాలము ఆసుపత్రిలోనే గడచినది. గాయపడిన యేటనే తల్లి మరణించినది. ఆమె పేరులోని మరియాను తరువాత తన పేరులో చేర్చుకొన్నాడు. యుద్ధానంతరము పల్లెబడులలో పాఠములు చెప్పినాడు. 1920లో ఆ వృత్తిని విడిచి, సమాధి ఫలకములు అమ్మినాడు. వ్యాపార ప్రకటనలు వ్రాసినాడు. బెర్లిన్‌లో ఒక క్రీడాపత్రికలో పనిచేసినాడు.

పదేండ్లు మనసున మోసిన యుద్ధము 1928లో ఒక దినపత్రికలో ధారావాహికగాను, 1929 జనవరిలో పుస్తకముగాను వెలువడినది. ఆంగ్లమున ఆల్ క్వయట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్ అని ప్రసిద్ధికెక్కిన నవల ఇదియే. ఏడాదిన్నరలో 22 భాషలలో 25 లక్షల ప్రతులు చెల్లినవి.

ఈ నవలలో కాంటోరెక్ అను ఉపాధ్యాయుడు దేశభక్తిని గూర్చి గంభీరోపన్యాసము లిచ్చి తరగతినంతటిని సైన్యమున చేర్పించును. వెళ్లుటకు జంకిన బేమ్ అను బాలుడు మొట్టమొదట మరణించినవారిలో ఒకడగును. కాంటోరెక్ దుష్టుడు కాడు; తాను పలుకుదాని అర్థము తానెరుగనివాడు. అంతకంటె భయంకరమేమున్నది? మరియొక చోట కథానాయకుడు పాల్ చీకటిలో దారితప్పి, భయముతో ముడుచుకొని యుండగా, వెనుక కందకమునుండి సహచరుల మాటలు వినవచ్చును. అవి మహోపన్యాసములు కావు, మామూలు గుసగుసలు. అవియే అతనిని మరల మనిషిని చేయును. ఇంకొకప్పుడు తాను పొడిచిన ఫ్రెంచి సైనికుని శవము ప్రక్కన కూర్చుండి పాల్ క్షమాపణ వేడుకొనును. వినుటకు ఆ సైనికుడు లేడు. చివరకు పాల్ మరణించిన దినమున సైన్యపు నివేదికలో విశేషమేమియు లేదని యుండును. నవల పేరు అందుండి వచ్చినదే.

తమ నోట రాని వేదనను ఎందరో మాజీ సైనికులు ఈ పుస్తకమున చదువుకొన్నారు. యుద్ధమును కీర్తించువారికి మాత్రమిది కంటకమైనది. రచయిత యుద్ధమును చూడనేలేదని నాజీలు పుకార్లు పుట్టించినారు. 1930 డిసెంబరులో దీని చలనచిత్రము బెర్లిన్‌లో ప్రదర్శింపబడగా, గొబెల్స్ అనుచరులు తెల్ల చిట్టెలుకలను విడిచి అల్లరి చేసినారు. కొద్ది దినములలో చిత్రము నిషేధింపబడినది. 1933 మే 10న పుస్తకము మంటల పాలైనది. అప్పటికే రెమార్క్ స్విట్జర్లాండు చేరినాడు. 1938లో జర్మన్ పౌరసత్వము పోయినది; 1939లో అమెరికాకు వెళ్లినాడు.

చెల్లెలు ఎల్‌ఫ్రీడ జర్మనీలోనే ఉండిపోయినది. డ్రెస్డెన్‌లో కుట్టుపనితో జీవించు ఆమె, యుద్ధములో జర్మనీ ఓడినట్లేనని అన్నది. విన్నవారు ఆ మాటను అధికారులకు చేరవేసినారు. అన్న చేజిక్కకపోయినను ఆమె తప్పించుకొనజాలదని న్యాయాధిపతి ఫ్రైస్లర్ హెచ్చరించినాడట. 1943 డిసెంబరు 16న ఆమె శిరస్సు ఖండింపబడినది. ఆ దండనకైన ఖర్చుల పద్దు ఆమె సోదరికి పంపబడినది! ఆమె పలికినది నిజమని 1945 మే నెల లోకమునకు చాటినది.

యుద్ధము ముగిసిన పిదపనే ఈ దారుణము రెమార్క్‌కు తెలిసినది. నిర్బంధ శిబిరపు ఖైదీలను గూర్చి వ్రాసి 1952లో ప్రకటించిన స్పార్క్ ఆఫ్ లైఫ్ నవలను చెల్లెలికి అంకితమిచ్చినాడు. జర్మన్ ప్రతిలో ఆ అంకితము ముద్రింపబడలేదు. 1968లో ఓస్నబ్రూక్ నగరము ఒక వీధికి ఎల్‌ఫ్రీడ పేరు పెట్టినది. 1970 సెప్టెంబరు 25న రెమార్క్ లొకార్నోలో కన్నుమూసినాడు.

కాంటోరెక్ మాట చప్పట్లు పొంది బాలురను చంపినది. ఎల్‌ఫ్రీడ మాట నిజమై, పలికిన ఆమెనే బలిగొన్నది. కావున మాట మంచి చెడ్డలను వినువారి మెప్పునుబట్టి గాని, పలికినవారికి కలిగిన ఫలమునుబట్టి గాని నిర్ణయింపరాదు. అది నిజమా, ఎదుటివానిని మనిషిగా చూచుచున్నదా అని విచారింపవలెను. ఎదుట పసివారిని కూర్చుండబెట్టుకొని దినదినము మాట్లాడు ఉపాధ్యాయులకు ఈ విచారణ మరింత అవసరము.