జోష్ గిబ్సన్

1911వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీన అమెరికా దక్షిణ భాగమునందలి జార్జియా రాష్ట్రములో, బ్యునా విస్టా అను చిన్న ఊర, నల్లజాతి కుటుంబమున జోష్ గిబ్సన్ జన్మించెను. తండ్రి సేద్యము విడిచి పిట్స్‌బర్గ్ నగరము చేరి, ఉక్కు కర్మాగారమున పనికి కుదిరి, కొంతకాలమునకు భార్యాబిడ్డలను రప్పించుకొనెను. కుమారుడు విద్యుత్తు పని నేర్వ నారంభించెనే కాని, ఆతని మనస్సంతయు బేస్‌బాల్ మైదానముననే యుండెను.

ఆ దినములలో పెద్ద లీగులందు నల్లవారికి ప్రవేశము లేదు. అట్టి నిబంధన యేదియు వ్రాతపూర్వకముగా నుండలేదు. జట్ల యజమానుల కట్టుబాటే చాలియుండెను. నల్లవారు తమ జట్లను, లీగులను తామే యేర్పరచుకొనిరి. 1930లో గిబ్సన్ హోమ్‌స్టెడ్ గ్రేస్ అను జట్టున, క్రికెట్టులో వికెట్ కీపరు వంటి స్థానమగు క్యాచర్‌గా ప్రవేశించెను. ఆ యేడే ఆతని భార్య కవలలను ప్రసవించి మరణించెను. ఆతని కప్పటికి పందొమ్మిదేండ్లయిన నిండలేదు. పసికందులను అత్తగారి పోషణలో నుంచి, ఊరూర తిరుగు జట్టుతో ఆతడు బయలుదేరవలసి వచ్చెను.

నల్లవారి జట్ల బ్రతుకు బస్సులలోనే గడచెడిది. దారిలో అనేక హోటళ్లు వారికి తలుపు తీయలేదు. శ్వేతజాతి జట్టు ఊర లేనప్పుడు వాషింగ్టనులోని గ్రిఫిత్ స్టేడియమును గ్రేస్ జట్టున కద్దెకిచ్చెడివారు. మైదానమునకు అడ్డురాని రంగు లీగునకు మాత్ర మడ్డువచ్చినది! గిబ్సన్ డొమినికన్ రిపబ్లిక్‌లోను, మెక్సికోలోను కూడ ఆడి పేరు గడించెను.

క్రికెట్ నెరిగిన వారికి బేస్‌బాల్ సగటు వింతగా తోచును. దానికి పరుగులతో పనిలేదు. బ్యాటు పట్టిన పర్యాయములలో ఎన్నిమార్లు తన దెబ్బ వలననే బేసు చేరెనో చూచి, వేయింటికి లెక్కకట్టుదురు. మూడువందలు సాధించినవాడు మంచి ఆటగాడు. నాలుగువందలన్ననో, 1941లో టెడ్ విలియమ్స్ 406 సాధించిన పిమ్మట నేషనల్, అమెరికన్ లీగులలో ఎవ్వరును ఆ గీటు దాటలేదు.

1943వ సంవత్సరాదిని గిబ్సన్ స్పృహ దప్పి ఆసుపత్రి పాలయ్యెను. మెదడులో కంతి యున్నదని వైద్యులు చెప్పిరనియు, శస్త్రచికిత్సకు ఆతడు సమ్మతింపలేదనియు ప్రతీతి. తలనొప్పులతో బాధపడుచునే ఆ యేడు ఆతడు సాధించిన సగటు 466. గ్రేస్ జట్టు ఆ యేడును, మరుసటి యేడును నల్లజట్ల ప్రపంచ సిరీస్ గెలిచెను.

1947 జనవరి 20వ తేదీన పిట్స్‌బర్గ్‌లో పక్షవాతముచే గిబ్సన్ మరణించెను. వయస్సు 35 ఏండ్లు. మూడు నెలలైనను గడవకమునుపే, ఏప్రిల్ 15న, జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ జట్టున ఆడి వర్ణభేదపు గోడను పగులగొట్టెను. గిబ్సన్ సమాధిపై 1975 వరకు పేరు చెక్కిన రాయియైన లేకుండెను.

1972లో బేస్‌బాల్ కీర్తి మందిరమున ఆతనికి స్థానము లభించినది. 1920 నుండి 1948 వరకు నడచిన నల్లవారి లీగులను 2020 డిసెంబరులో పెద్ద లీగులుగా గుర్తించి, 2024 మే నెలలో వాటి లెక్కలను అధికార పట్టికలలో చేర్చిరి. అంతటితో టై కాబ్ జీవితకాలపు సగటు 367ను గిబ్సన్ 372 మించినది. నల్లవారి లీగు పోటీలు ఏటా అరువదికి అటునిటుగా నుండగా, శ్వేతజాతి లీగులలో 154 జరిగెడివనియు, కొద్ది పోటీలలో సగటు హెచ్చుట సులభమనియు కొందరి యాక్షేపణ. అది నిరాధారము కాదు. కాని ఆ కొద్దిపాటి పోటీలను గిబ్సన్ కోరి యెంచుకొనలేదు. ఊరూర ఆడిన వందలాది ప్రదర్శన క్రీడలు లెక్కకే రాలేదు.

ఒక యేటి సగటులలో 1894 నుండి అగ్రస్థానమున నిలిచిన బోస్టన్ ఆటగాడు హ్యూ డఫీ 440 ఇప్పుడు మూడవది. మొదటిది గిబ్సన్ 466. రెండవది 1929లో చీనో స్మిత్ అను మరియొక నల్లజాతి ఆటగాడు న్యూయార్క్ లింకన్ జయంట్స్ జట్టున సాధించిన 451.