జాన్ ఎవరెట్ క్లౌ దొరగారి చరిత్రము

విజయనగరమునకు సమీపమున నున్న రామతీర్థమును చూచినవారికి ఒక విషయము తోచక మానదు. అచ్చట కోదండరామస్వామివారి ఆలయ పరిసరములందలి కొండలపై బౌద్ధవిహారముల పునాదులును, చైత్యముల యిటుకలును, జైనతీర్థంకరుల శిలాప్రతిమలును శిథిలములై యున్నవి. ఒకే తావున మూడు మతములు వెలసినవి. అయినను ఈ ఉత్తరాంధ్ర దేశపు పల్లెలలో, అందును మన్యపు పల్లెలలో, బిడ్డకు జ్వరము తగిలినను, పశువు చచ్చినను, అది ఫలానివారి చిల్లంగియని వ్రేలు చూపుట నేటికిని మానలేదు. ఆ నెపముతో ముసలివారిని, దిక్కులేనివారిని కొట్టి చంపిన వార్తలు ఇప్పటికిని వినవచ్చుచునే యున్నవి. దేవుళ్లు మారినారు గాని భయము మారలేదు.

ఈ భయమునకు విగ్రహభంగము మందు కాదు. 2020వ సంవత్సరము డిసెంబరులో రామతీర్థపు బోడికొండమీది రాముని విగ్రహమును దుండగులు ఖండించినప్పుడు ఒక్కరి అజ్ఞానమైనను తొలగలేదు; భక్తులకు దుఃఖమును, ఇరుగుపొరుగువారికి పరస్పరానుమానమును మాత్రమే కలిగినవి. ఊరక చూచుచు కూర్చుండుటయు మందు కాదు. ఈ రెంటికిని నడుమ మూడవ మార్గ మొకటి కలదు. పరుల దేవతను ముట్టక, ఆ భయమునకు తాను చేయుచున్న ఊడిగమును తాను మానుటయే ఆ మార్గము. చెప్పుటకు ఇది సులభము. చేసినవారికి ఎంత వెల పడినదో తెలిసికొనగోరువారు ఒంగోలు ప్రాంతపు మాదిగల చరిత్రమును, వారికి అండగా నిలిచిన జాన్ ఎవరెట్ క్లౌ దొరగారి చరిత్రమును చదువవలెను. ఆయన మతము మాది కాదు. అయినను ఆయన జీవితమునుండి నేర్వదగినది మనకు చాల కలదు.

ఆ దొరగారు పనిచేసిన అమెరికా బాప్తిస్టు తెలుగు మిషను మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. దాని మొదటి ప్రచారకుడైన సామ్యుయేలు డే 1836లో విశాఖపట్టణమున దిగి, కొంతకాలము శ్రీకాకుళములో నుండి, పిమ్మట చెన్నపట్టణమునకును, 1840లో నెల్లూరునకును పోయెను. నెల్లూరిలో చాలకాలము పని ఫలింపలేదు. దానిని మూసివేయుదమని అమెరికాలోని సంఘమువారు పలుమారులు ఆలోచించిరి. అట్టి మిషనునకు 1865లో క్లౌ వచ్చి చేరెను.

ఆయన 1836వ సంవత్సరము జూలై 16వ తేదీని న్యూయార్కు రాష్ట్రములో ఒక సామాన్య కర్షక కుటుంబమున జన్మించెను. బాల్యములోనే కుటుంబము పడమటి రాష్ట్రములకు తరలెను. యౌవనమున మిన్నెసోటా అడవులలో భూమి కొలుచు సర్వే ఉద్యోగమున ప్రవేశించి, గొలుసు మోయు పనినుండి క్రమముగా పైకి వచ్చెను. ఆయన కోరిక న్యాయవాది కావలెనని. అయోవా రాష్ట్రమున చదువుకొనుచుండగా ఆయన మనస్సు మతమువైపు తిరిగెను. 1864 చివరను భార్యయగు హారియెట్‌తో బోస్టను రేవున ఓడ యెక్కి మరుసటి యేడు చెన్నపట్టణము చేరెను. సర్వే విద్యయు, న్యాయవాదికుండవలసిన పట్టుదలయు ఆయనకు మున్ముందు ఎట్లు అక్కరకు వచ్చినవో చూతము.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. ఆయన ఓడ యెక్కిన బోస్టనునకు అనతిదూరముననే సేలము అను ఊరున్నది. 1692లో ఆ ఊరి క్రైస్తవులు మంత్రగత్తెలను నెపమున పందొమ్మిదిమందిని ఉరి తీయించిరి. మరియొక వృద్ధుని రాళ్ల బరువు క్రింద నలిపి చంపిరి. న్యాయాధిపతులు కూర్చుండియే, సాక్ష్యము పుచ్చుకొనియే ఆ పని జరిగినది. ఐరోపాఖండమున అంతకుముందు రెండు శతాబ్దములు ఇట్టి మంటలు మండుచునే యుండెను. ఆ నిందితులకు చిత్రహింస పెట్టి ఒప్పించుట అన్యాయమని 1631లో పేరు వేయక గ్రంథము వ్రాసిన ఫ్రీడ్రిఖ్ స్పే సయితము క్రైస్తవ గురువే. కనుక ఏ మతము పేరు పెట్టుకొన్నంత మాత్రమున చేతబడి భయము పోదు. ఆ భయమును ఆయుధముగా చేసికొనువారును, దాని కెదురు నిలుచువారును ప్రతి మతమునందును కలరు. క్లౌ దొరగారు ఏ పక్షమున నిలిచిరో చూడవలసియున్నది.

ఒంగోలునకు ఆయన 1866లో చేరెను. పాఠశాల తెరవగా బ్రాహ్మణ, వైశ్య, శూద్ర బాలురు వచ్చిరి. మాదిగలు క్రైస్తవులగుచున్నారని తెలియగానే ఆ పిల్లల తల్లిదండ్రులకు అసహ్యము కలిగెను. మాదిగలను చేర్చుకొన్నయెడల తమ బిడ్డలను పంపమనిరి. పెద్దకులములవారు ముందు వచ్చినయెడల తక్కినవారు వెంట వత్తురని అప్పటి ప్రచారకులలో పలువురి నమ్మకము. దొరగారును, ఆయన భార్యయు వేర్వేరు గదులలో కూర్చుండి బైబిలు తెరువగా ఇద్దరికిని ఒకే ఘట్టము, లోకము నీచులుగా నెంచినవారినే దైవము ఎన్నుకొనునని పౌలు వ్రాసిన భాగము, కనబడెనని చెప్పుదురు. మాదిగలను వదలరాదని వారు నిశ్చయించుకొనిరి. పాఠశాలనుండి పెద్దకులముల పిల్లలు వెడలిపోయిరి.

ఆ మాదిగలలో మొదటివాడు యెర్రగుంట్ల పేరయ్య. అతడు ఒంగోలునకు పడమట సుమారు నలువది మైళ్ల దూరముననున్న తాళ్లకొండపాడువాడు. తోళ్ల వర్తకము చేయువాడు. అతడు చదువు లేనివాడైనను జ్ఞానము లేనివాడు కాడు. రాజయోగ సంప్రదాయమున ఉపదేశము పొంది, ఒక్కడే దేవుడని నమ్మి, శిష్యులను గూర్చుకొన్నవాడు. 1866లో అతడును, అతని భార్య నాగమ్మయు బాప్తిస్మము పొందిరి. మరుసటి జనవరిలో దొరగారు తాళ్లకొండపాడునకు పోగా, పేరయ్య బోధవలన సిద్ధపడిన జనులు చింతతోపులో కాచుకొని యుండిరి. వారిలో ఇరువదియెనిమిదిమంది క్రైస్తవులైరి. అనగా ఆ పల్లెలలో భూమి దున్నినది మన దేశపు యోగమార్గమే. విత్తనము మాత్రము దొరగారిది. ఈ సంగతిని ఆయనయు కప్పిపుచ్చలేదు.

దొరగారు ఆ జనులకు పెట్టిన నియమములు మూడు. ఆదివారము పని చేయరాదు. చచ్చిన గొడ్డు మాంసము తినరాదు. విగ్రహములకు మ్రొక్కరాదు. ఇందు ఇతరుల దేవతను పగులగొట్టుమను మాట లేదు. అయినను ఈ మూడు చిన్న మాటలకు పల్లెలు అట్టుడికినట్లు ఉడికినవి. ఎందువలననో ఆలోచింపవలెను.

ఊరిలో కలరా వచ్చినయెడల పోలేరమ్మకో, అంకమ్మకో కొలుపు జరుపవలెను. దున్నపోతును బలి యీయవలెను. రక్తము కలిపిన అన్నమును పొలిమేర చుట్టును పొలి చల్లవలెను. ఇందులో ఏ ఘట్టమునకైనను మాదిగ డప్పు లేక జరుగదు. డప్పు మ్రోగనిచో అమ్మవారు శాంతింపదని ఊరి నమ్మకము. చచ్చిన పశువును ఈడ్చుకొనిపోవుటయు, ఆ తోలుతో కపిలెకు తొండమును, రైతునకు చెప్పులను కుట్టియిచ్చుటయు వారి పనియే. దీనికి ప్రతిఫలముగా కళ్లములో వారికి కొంత మేర గింజలు దక్కును. కనుక ఊరి భయము, ఊరి సేద్యము, మాదిగ కూడు ఒకే త్రాటికి పేనబడి యుండెను. పెద్దలు మ్రొక్కుకొందురు, డప్పు కొట్టు చేతులు మాత్రము మాదిగవి. ఆ చేతులు వెనుకకు తీసికొనగానే అమ్మవారి కోపము ఊరిమీద పడునని ఒకరును, కోతలనాడు ఆదివారము కూలి దొరకదని మరియొకరును కోపించిరి. ఏ కోపము దైవమునకై, ఏ కోపము ధాన్యమునకై అని వేరుచేయుట కష్టము.

శిక్షలు వెంటనే వచ్చినవి. క్రైస్తవులైనవారికి కూలి పనులు మాన్పించిరి. అంగడిలో సరకు అమ్మవలదనిరి. నీటికి పోనీయరైరి. కొట్టినవారును, అబద్ధపు నేరములు మోపి చెరసాలకు పంపినవారును కలరు. ఇట్టివేళ ప్రార్థన చేసికొనుడని మాత్రము చెప్పి యూరకుండినచో క్లౌ చరిత్రము మనకు అక్కరలేదు. ఆయన అధికారులయొద్దకు పోయి అర్జీలు పెట్టెను, ఊరి పెద్దలతో ముఖాముఖి మాటలాడెను. న్యాయవాది కాదలచిన యువకుడు ఒంగోలు తాటాకు గుడిసెలలో తన వాదమును వెదకికొనెనని మాకు తోచును. అంతియే కాదు, మాదిగల కులపంచాయతిని చెరుపక నిలిపెను. బోధకులను మిషను జీతగాండ్రుగా గాక, మన దేశమున గురువులను శిష్యులు పోషించునట్లు, పల్లెలవారే పోషించునట్లు ఏర్పాటు చేయుటకు యత్నించెను. ఒక్కొక్కరిని ఊడబెరుకుటకంటె పల్లెకు పల్లెయే నడచుట మేలని ఆయన అభిప్రాయము. డప్పును ఒక్కడు మానినచో వాని నడుము విరుగును. పల్లె అంతయు మానినచో ఊరే దారి మార్చుకొనవలసివచ్చును.

1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును ఘోరక్షామము దహించెను. జనులు లక్షలకొలది చచ్చిరి. అప్పుడు దొరగారి సర్వే విద్య అక్కరకు వచ్చెను. బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును ఆయన కంట్రాక్టు తీసికొని, వేలకొలది జనులకు పని కల్పించెను. తన బోధకులనే మేస్త్రీలుగా నియమించెను. మాదిగలే గాక ఇతర కులములవారును ఆ పనికి వచ్చిరి. తిట్టు లేక, దెబ్బ లేక కూలి చేతబడుట వారిలో చాలమందికి అదియే మొదటిసారి.

ఈ కారణముననే క్రైస్తవులైనవారందరును అన్నమునకై అయిరని మనవారు హేళన చేయుట కలదు. ఆ నింద రాగలదని దొరగారు ముందే యెరిగిరి. గింజలు పంచుచున్న పదునైదు నెలలును ఎవ్వరికిని బాప్తిస్మ మీయలేదు. 1878 జూను నాటికి సహాయద్రవ్యము పంచుట ముగిసిన పిమ్మటనే మరల ఆరంభించిరి. అదే సంవత్సరము జూలై 3వ తేదీని వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ నాడు నీట నిలిచి ఆ కార్యము జరిపినవారు ఇద్దరిద్దరు చొప్పున ఆరుగురు దేశీయ బోధకులు. అన్నమే కారణమైనచో అన్నము నిలిచిన పిమ్మట జను లేల వచ్చిరి? కష్టకాలమున తమను మనుష్యులుగా చూచినవారెవరో వారికి జ్ఞాపక ముండెను.

దొరగారి కార్యమున లోపములు లేవని మేము చెప్పము. వేలకొలది జనులు ఒక్కసారిగా చేరుటచే వారికి చదువు చెప్పుటకు చాలినంతమంది ఉపాధ్యాయులు దొరకలేదు. పేరు మారినను జ్వరము వచ్చినప్పుడు మంత్రగానిని పిలుచు అలవాటు ఎల్లయిండ్లను ఒక్కనాడు వదలలేదు. చర్చిలోనికి పోయినను కులము బయట విడిచిపెట్టబడలేదు. మాల మాదిగల భేదము అచ్చటను తలయెత్తెను. డప్పుతోపాటు డప్పులోని విద్యయు, అరుంధతి మాతంగుల కథలలోని కవిత్వమును అంతరింపవలెనా అను ప్రశ్నయు కలదు. ఆయన రెండవ భార్యయగు ఎమ్మా రౌషెన్‌బుష్ ఆ సంప్రదాయములను ఆదరముతో విని 1899లో గ్రంథముగా ప్రకటించెను. దొరగారు వార్ధక్యమున అమెరికాకు మరలి 1910వ సంవత్సరము నవంబరు 24వ తేదీని కాలధర్మము చెందిరి. ఆయన స్వీయచరిత్రము ఎమ్మాగారి చేతిమీదుగా 1914లో వెలువడినది.

ఇప్పుడు మన సంగతి. మనవంటి విద్యావంతులు విగ్రహారాధన మానుటవలన మనకు ఒక పూట అన్నమైనను తప్పలేదు. బంధువులు కొంచెము మొగము ముడిచిరి, అంతియే. చచ్చిన గొడ్డును ఈడ్చినవారము మనము కాము, డప్పు మోసినవారమును కాము. మన పూజామందిరమున ఒక్క దేవుని స్తుతించి, మన భూమి యున్న పల్లెలో అమ్మవారి జాతరకు చందా వ్రాయుచుందుము. ఆ జాతరకు డప్పు రాననినవానిని పనిలోనుండి తీసివేయుచున్నను చూడనట్లుందుము. అస్పృశ్యతను 1950లో రాజ్యాంగము నిషేధించినది. చిల్లంగి నెపమున జరుగు హింసను అరికట్టుటకు మన పొరుగుననున్న ఒడిస్సా రాష్ట్రము 2013లో ప్రత్యేకశాసనము చేసినది. శాసనములు కావలసినవే. కాని రాత్రివేళ పల్లెలో ఒక ముసలిదానిని చిల్లంగిదని గుంపు చుట్టుముట్టినప్పుడు శాసనము అచ్చటికి నడచి రాదు. ఎవరో ఒకరు ఆమె వాకిట నిలువవలెను.

కావున చదువరులకు మా విన్నపము. మీకు భూమియో, బంధుత్వమో గల పల్లెను ఒకదానిని ఎంచుకొనుడు. అచ్చట ఎవరిమీద ఈ నింద యున్నదో విచారింపుడు. నలుగురెదుట ఆ యింట కూర్చుండి మంచినీళ్లు పుచ్చుకొనుడు. జ్వరము వచ్చిన బిడ్డను మంత్రగానియొద్దకు గాక వైద్యునియొద్దకు మీ బండిమీద, మీ ఖర్చుమీద పంపుడు. మనస్సాక్షి ననుసరించి ఊరి ఊడిగము మానినవాని కూలి పోయినచో మీ చేలో పని యిండు. వానిమీద కేసు పెట్టినచో మాబోటి న్యాయవాదులకు కబురు చేయుడు, ఫీజు లేక వచ్చెదము.