గెలీలియో – వేగం నుంచి త్వరణం దాకా

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం పెద్దలు అడిగారు. మన మాస్టార్ల గురించి, గ్రౌండులో ఆడిన ఆటల గురించి రాసే మిత్రులు చాలామంది ఉన్నారు. నేను మాత్రం మనందరికీ హైస్కూలు సైన్సు పుస్తకంలో పరిచయమై, పరీక్షలు అయిపోగానే మనం మరిచిపోయిన ఒక పెద్దాయన గురించి రాస్తాను. ఆయన గెలీలియో. ముప్పై ఏళ్ల ఇంజనీరు ఉద్యోగంలో ఆయన తేటపరిచిన ఒక చిన్న తేడాతో నాకు రోజూ పని పడుతూనే ఉంది. అదే వేగానికీ త్వరణానికీ ఉన్న తేడా.

మన భాషలో ఈ తేడా పట్టుకోవడం కొంచెం కష్టం. మాటల్లో వడి అన్నా, వేగం అన్నా, త్వర అన్నా ఒకటే. పుస్తకంలో మాత్రం ఎంత జోరుగా పోతున్నామో వడి, ఏ దిక్కుకు ఎంత జోరుగా పోతున్నామో వేగం, ఆ వేగం సెకనుకు ఎంత మారుతోందో త్వరణం. త్వరణం అనే మాటలో తొందర వినిపిస్తుంది గనుక, జోరుగా పోయేదానికే త్వరణం ఉంటుందనుకుంటాం. సామర్లకోట దాటి గంటకు 100 కిలోమీటర్ల వడితో తిన్నగా, నిలకడగా పోయే రైలుకు త్వరణం సున్నా. టౌన్ స్టేషన్‌లో అప్పుడే కదులుతున్న రైలుకు వేగం దాదాపు లేకపోయినా త్వరణం ఉంది. చేతిలో టీ ఒలికేది కూడా అప్పుడే.

ఈ సంగతి తేల్చిన మనిషి 1564 ఫిబ్రవరి 15న ఇటలీలోని పీసా పట్టణంలో పుట్టాడు. తండ్రి విన్సెంజో సంగీత విద్వాంసుడు. తీగ బిగువుకూ స్వరానికీ ఉన్న సంబంధాన్ని పుస్తకాల్లో చదివి నమ్మకుండా స్వయంగా పరీక్షించి చూసినవాడు. కొడుకు డాక్టరు కావాలని ఆయన ఆశ. 1581లో పీసా విశ్వవిద్యాలయంలో వైద్యం చదవడానికి చేర్పించాడు. కుర్రవాడి మనసు లెక్కల మీదకు పోయింది. 1585లో పట్టా లేకుండానే చదువు మానేశాడు. మన ఊళ్లో అయితే ఇల్లంతా ఏడ్చి ఉండేది! అయినా నాలుగేళ్లలో, 1589లో, అదే పీసాలో లెక్కల అధ్యాపకుడయ్యాడు. 1592లో పాదువాకు వెళ్లి పద్దెనిమిదేళ్లు అక్కడే పాఠాలు చెప్పాడు.

జీతం చాలేది కాదు. తండ్రి పోయాక కుటుంబ భారం ఆయన మీదే పడింది. విద్యార్థులను ఇంట్లో ఉంచుకుని భోజనం పెట్టి చదువు చెప్పి, కొలత పరికరాలు చేయించి అమ్మి ఇల్లు నడిపాడు. మరీనా గాంబా అనే ఆమెతో, పెళ్లి కాకుండానే, ఇద్దరు కూతుళ్లు, ఒక కొడుకు కలిగారు. తర్వాత కూతుళ్లిద్దరినీ చిన్న వయసులోనే కాన్వెంటులో చేర్చి సన్యాసినులను చేశాడు. మహానుభావుడని ఈ సంగతి దాచనక్కరలేదు.

పీసా వాలు గోపురం మీంచి రెండు గుండ్లు వదిలాడన్న కథ మనందరం విన్నాం. ఆయన పోయాక శిష్యుడు వివియానీ రాసిన కథ అది. నిజంగా జరిగిందా అని చరిత్రకారులకు అనుమానమే. అసలు పని పాదువాలో, వాలుగా పెట్టిన చెక్క మీద జరిగింది. పడే వస్తువు కంటికి అందదు, ఆ రోజుల్లో ఇంత చిన్న కాలాలను కచ్చితంగా కొలిచే గడియారం ఆయనకు లేదు. అందుకని పడటాన్ని నెమ్మది చేశాడు. సుమారు 7 మీటర్ల దూలంలో నున్నని గాడి తీయించి, దానికి తోలు కాగితం అంటించి, కంచు గుండును దొర్లించాడు. సన్నని గొట్టంలోంచి కారిన నీటిని తూచి కాలాన్ని కొలిచాడు. సమానమైన కాలాల్లో గుండు పోయిన దూరాలు 1, 3, 5, 7 వంతున పెరుగుతున్నాయని తేలింది.

ఇక్కడే ఆయన తడబడ్డాడు. గుండు జోరు పెరుగుతోందని కనిపిస్తూనే ఉంది. దేన్నిబట్టి పెరుగుతోంది? పోయిన దూరాన్నిబట్టా, గడిచిన కాలాన్నిబట్టా? 1604లో వెనిస్‌లోని మిత్రుడు పావొలో సార్పీకి రాసిన ఉత్తరంలో దూరాన్నిబట్టే అన్నాడు. వినడానికి సబబుగానే ఉంది. ఎంత ఎత్తునుంచి పడితే అంత దెబ్బ కదా! కానీ ఒక్కసారి ఆలోచించండి. బయలుదేరే క్షణంలో దూరం సున్నా. దూరాన్నిబట్టే వేగమైతే వేగమూ సున్నా. వేగం లేకపోతే దూరం పెరగదు. అంటే చెట్టుమీది కాయ ఎప్పటికీ కింద పడకూడదు. తర్వాత ఆయన ఆ మాట వదులుకుని, వేగం కాలాన్నిబట్టి పెరుగుతుందని నిర్ధారించాడు. ఈరోజు లెక్కలో చెప్పాలంటే, పడే వస్తువు వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 9.8 మీటర్ల చొప్పున పెరుగుతుంది. మొదటి సెకనులో 4.9 మీటర్లు, రెండో సెకనులో 14.7, మూడో సెకనులో 24.5 మీటర్లు పడుతుంది. అదే 1, 3, 5 వరస.

ఆ తప్పు చేసేనాటికి ఆయనకు నలభై ఏళ్లు, పాదువాలో ఆచార్యుడు. ఈ ముక్క మన పిల్లలకు చెప్పాలి.

1609లో టెలిస్కోపు సంగతి విని సొంతంగా మెరుగైనది తయారు చేసుకుని ఆకాశం వైపు తిప్పాడు. 1610 జనవరిలో గురుగ్రహం చుట్టూ తిరిగే నాలుగు ఉపగ్రహాలు కనిపించాయి. పేరు మోగిపోయింది, ఫ్లోరెన్సు ప్రభువు కొలువు దొరికింది, చెక్క పలక ప్రయోగాలు మూలన పడ్డాయి. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతోందన్న వాదాన్ని సమర్థించవద్దని 1616లో చర్చి హెచ్చరించింది. 1632లో ఆ వాదం మీదే సంభాషణల రూపంలో పుస్తకం అచ్చు వేశాడు. 1633 జూన్ 22న రోములో మోకాళ్ల మీద నిలబడి తన మాట తప్పని ఒప్పుకోవలసి వచ్చింది. శిక్ష జీవితాంతం నిర్బంధం. ఆయనకు అప్పటికి 69 ఏళ్లు.

ఫ్లోరెన్సు దగ్గర ఆర్చెత్రిలో ఆయన ఉంటున్న ఇల్లే జైలు అయింది. పక్కనే కాన్వెంటులో ఉన్న పెద్ద కూతురు, ఆయనకు ఉత్తరాలు రాస్తూ మందులు పంపుతూ కనిపెట్టుకుని ఉన్న మారియా సెలెస్తె, 1634 ఏప్రిల్‌లో పోయింది. ఇంకొకరైతే అక్కడితో చేతులెత్తేసేవారు. ఆయన మూలన పడ్డ పాత కాగితాలు బయటికి తీశాడు. వస్తువుల బలం గురించి, చలనం గురించి రెండు కొత్త శాస్త్రాలంటూ పుస్తకం పూర్తి చేశాడు. ఆయన రచనలు అచ్చు వేయకూడదని నిషేధం ఉండటంతో రాతప్రతి హాలండు చేరి, 1638లో లైడెన్‌లో అచ్చయింది. పుస్తకం వచ్చేనాటికి ఆయనకు చూపు పోయింది. సమానమైన కాలాల్లో వేగం సమానంగా పెరిగే చలనానికి నిర్వచనం అందులోనే ఉంది. పాదువా ఉత్తరం నాటినుంచి లెక్కవేస్తే 34 ఏళ్లు. 1642 జనవరి 8న ఆయన కన్నుమూశాడు.

ఈ తేడా తెలిస్తే ఏమిటట? పైకి విసిరిన రాయి శిఖరాన ఒక్క క్షణం ఆగుతుంది. అక్కడ వేగం సున్నా, త్వరణం మాత్రం అదే 9.8. అదీ సున్నా అయితే రాయి గాలిలోనే ఉండిపోవాలి. క్రేను బరువును నిలకడగా ఎత్తుతున్నంతసేపు తాడు మీద ఆ బరువు మేరకే లాగుడు. జర్కుతో ఎత్తితే అంతకంటే ఎక్కువ. తాళ్లు తెగేది అప్పుడే. ఏడీబీ రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వడితో పోయే మోటారు సైకిలు 5 సెకన్లలో ఆగితే మనిషికి ఏమీ కాదు. తల గట్టి వస్తువుకు తగిలి సెకనులో వందో వంతులో ఆగితే ఋణ త్వరణం దానికి 500 రెట్లు. హెల్మెట్ లోపలి మెత్త నలిగి ఆ ఆగే కాలాన్ని కాస్త పెంచుతుంది. అది చేసే ముఖ్యమైన మేలు అదే.

ఇప్పుడు పిల్లలు ఆరో తరగతి నుంచే ఎంట్రన్సు కోచింగులో ఈ సూత్రాలు బట్టీ పడుతున్నారు. సూత్రంలో అంకెలు వేయడం నిమిషం పని. గెలీలియోకు ఏళ్లు పట్టింది అర్థం కావడానికి. మన పిల్లలకు వారం రోజులైనా ఇద్దాం.

అందుకు సంఘానికి ఒక మనవి. స్వర్ణోత్సవ నిధిలోంచి మన బడి ల్యాబుకు గాడి తీసిన రెండున్నర మీటర్ల చెక్క ఒకటి చేయిద్దాం. పై చివరను 15 సెంటీమీటర్లు ఎత్తి, గుండు బయలుదేరే చోటునుంచి 15, 60, 135, 240 సెంటీమీటర్ల దగ్గర సన్నని తీగలు అడ్డంగా కడితే, దొర్లే గుండు వాటికి తగిలి టక్కుమంటుంది. తీగల మధ్య ఎడం పెరుగుతున్నా చప్పుళ్లు సమానమైన వ్యవధిలో వినిపిస్తాయి. వడ్రంగి కూలీతో కలిపినా పెద్ద ఖర్చు కాదు. చెక్క, గుండు నేను తెస్తాను. బిగించడానికి సెలవు రోజున ఇద్దరు మిత్రులు వస్తే చాలు.