కాటుకపిట్ట జాడ తీసిన సలీం అలీ

దసరా దాటి పలమనేరులో ప్రొద్దుటి చలి మొదలయ్యేనాటికి మా కళాశాల మైదానం అంచున, నీళ్ల తొట్టి దగ్గర, ఒక చిన్న పిట్ట వచ్చి వాలుతుంది. వీపు బూడిదరంగు, పొట్ట పసుపు. తోకను క్షణమైనా ఊరకుంచదు. మనవారు దీని జాతిని కాటుకపిట్ట అంటారు. సంస్కృతంలో ఖంజరీటం. చంచలమైన కన్నులకు ఉపమానం కావలసినప్పుడెల్లా మన కవులు ఈ పిట్టనే పిలిచారు. ఏటా ఇది తొలిసారి ఎక్కడ, ఎట్లా కనబడితే ఏ ఫలమో చెప్పడానికి వరాహమిహిరుడు తన బృహత్సంహితలో ఒక అధ్యాయమే కేటాయించాడు. కొన్ని నెలలు కనబడక, శరత్తులో మరల కనబడుతుందన్న సంగతి పూర్వులకు తెలుసునన్నమాట. ఆ కొన్ని నెలలూ అది ఎక్కడికి పోతుంది? ఇటువంటి ప్రశ్నలకు మన దేశంలో శాస్త్రీయంగా సమాధానం వెదకిన వారిలో అగ్రగణ్యుడు సలీం అలీ. ఆయన జీవితాన్ని మా విద్యార్థులకు పరిచయం చేయాలని ఈ వ్యాసం తలపెట్టాము.

1896 నవంబరు 12న బొంబాయిలో, సులైమానీ బోహ్రా కుటుంబంలో, చివరి సంతానంగా ఆయన జన్మించారు. ఏడాది నిండిన కొద్దికాలానికే తండ్రి, మూడేండ్లకు తల్లి మరణించారు. సంతానం లేని మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం ఆ పిల్లలను పెంచారు. మేనమామకు వేట సరదా. మేనల్లుడికి ఒక గాలి తుపాకి కొనిచ్చారు. పిచ్చుకలను కొట్టడం, వెంటనే హలాల్ చేయించి వండించుకోవడం ఆ ఇంటి పిల్లలకు ఆట.

ఒకనాడు పడిన పిచ్చుక గొంతుమీద పసుపు మచ్చ ఉంది, కూర మరక అంటినట్లుగా. ఇది తినదగినదా కాదా అని ఆ ముస్లిం బాలుడికి సందేహం కలిగింది. మేనమామను అడిగాడు, ఆయనకూ అది ఏ పిట్టయో తెలియలేదు. చీటీ వ్రాయించుకొని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం కార్యదర్శి మిల్లార్డు దగ్గరకు పంపారు. ఇది 1908 నాటి మాట. మిల్లార్డు విసుగుకొనక, ఆ పిట్ట పేరు చెప్పి, సొరుగులు లాగి వందలాది పక్షుల నమూనాలు చూపించాడు. తినవచ్చునా అని అడగబోయిన పిల్లవాడు పక్షిశాస్త్రంలో చిక్కుకొని ఇంటికి వచ్చాడు.

చదువులో ఆయన మెరిసినవాడు కాదు. 1913లో మెట్రిక్యులేషను అతికష్టం మీద గట్టెక్కింది. కళాశాల చదువు నడుమనే వదలి, కుటుంబానికి గనుల వ్యాపారం ఉన్న బర్మాకు వెళ్లారు. అక్కడా వ్యాపారం కంటె అడవులే ఎక్కువ చూశారు. 1918లో తెహ్మీనా గారితో వివాహం. విశ్వవిద్యాలయ పట్టం లేదన్న కారణంగా ప్రభుత్వ జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థలో పక్షిశాస్త్రజ్ఞుని ఉద్యోగం ఆయనకు దక్కలేదు. పట్టాలిచ్చే వృత్తిలో ఉన్న మాకు ఈ సంగతి వ్రాయడం కొంత ఇబ్బందే, అయినా దాచరాదు. 1926లో బొంబాయి మ్యూజియంలో ఉపన్యాసకునిగా చేరి, 1928లో జర్మనీ వెళ్లి బెర్లినులో స్ట్రెసమన్ అనే మహాపండితుని దగ్గర శిక్షణ పొందారు. ఉత్తర సముద్రంలోని హెలిగోలాండ్ దీవిలో వలసపోయే పక్షులను పట్టి, కాలికి చిన్న లోహపు కడియం తొడిగి వదిలే విద్యను అక్కడనే చూశారు.

1930లో తిరిగి వచ్చేసరికి, నిధులు లేవని ఉన్న ఉద్యోగమూ రద్దయింది. అప్పుడాయన సంస్థానాధీశుల ముందు ఒక ప్రతిపాదన ఉంచారు: తనకు జీతం వద్దు, ప్రయాణానికీ డేరాలకూ అయ్యే ఖర్చు భరిస్తే చాలు, వారి రాజ్యంలోని పక్షులను పరిశీలించి పెడతానని. మొట్టమొదట అంగీకరించిన వాటిలో మన హైదరాబాదు సంస్థానం ఒకటి. 1931లో మొదలైన ఆ సర్వేలో తెహ్మీనా గారు కూడ భర్త వెంట డేరాలలో కాపురం చేశారు. అమ్రాబాదు కొండల అడవులు మొదలుకొని సంస్థానమంతటా తిరిగి సేకరించిన వివరాలు కొద్దికాలానికే బొంబాయి సంఘం పత్రికలో అచ్చయ్యాయి. (ఇక్కడ తెలుగు విద్యార్థులకొక ముచ్చట. మధ్య భారతంలోనూ హిమాలయ పాదాల వద్దనూ గూడు కట్టి, శీతకాలానికి దక్షిణాదికి దిగివచ్చే రంగురంగుల పిట్ట ఒకటుంది. శాస్త్రజ్ఞులు 1816 నుండి దాని ప్రజాతికి వాడుతున్న పేరు పిట్ట. అది మన తెలుగు మాటే.)

1939లో ఒక చిన్న శస్త్రచికిత్స అనంతరం తెహ్మీనా గారు మరణించారు. సలీం అలీ మరల వివాహం చేసుకోలేదు. 1941లో ఆయన భారతదేశపు పక్షుల పుస్తకం వెలువడి, సామాన్యులకు పిట్టల పేర్లు నేర్పింది.

వలసల పరిశోధనకు పెద్ద అవకాశం ఒక రోగం వలన వచ్చింది. 1957లో మైసూరు రాష్ట్రపు షిమోగా అడవులలో కోతులు రాలిపోయి, మనుష్యులకూ జ్వరం సోకింది. దాని వైరసుకు రష్యాలోని ఒక వ్యాధి వైరసుతో పోలిక కనబడగా, ఉత్తరం నుండి వచ్చే పక్షులు తమ ఒంటి పిడుదులతో దీనిని మోసుకొచ్చాయేమో అన్న అనుమానం పుట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో 1959 నుండి బొంబాయి సంఘం పక్షులకు కడియాలు తొడగసాగింది. పక్షులపై మోపిన ఆ నేరం రుజువు కాలేదు. కాని వాటి దారులు తెలియనారంభించాయి. భరత్‌పూరులో కడియం వేసిన బాతులు సైబీరియాలో దొరికాయి.

కడియంపై ఒక సంఖ్య, దొరికితే బొంబాయి సంఘానికి తెలుపమన్న విన్నపం ఉంటాయి. రెండు తులాలైనా తూగని కాటుకపిట్టకు వేసే కడియం ఎంత తేలిక కావలెనో ఊహించుకోవచ్చును. వేల కడియాలలో తిరిగి వార్త వచ్చేవి బహు కొద్ది. అయినా ఇటువంటి గుర్తుల వలననే, హిమాలయాలలోనో సైబీరియాలోనో పిల్లలను చేసిన చిన్న పిట్ట వేల మైళ్లు దాటి, గత ఏడాది విడిసిన చోటికే మళ్లీ రాగలదని తెలిసింది. మా నీళ్ల తొట్టి దగ్గరి పిట్ట నిరుటిదే అయి ఉండవచ్చును. చెరువు తూముల వద్ద ఏడాది పొడుగునా ఉండే పెద్ద నలుపుతెలుపు కాటుకపిట్ట వేరు, అది ఇక్కడిదే.

ఈ పనికి పక్షులను గాయపడకుండా పట్టగల నేర్పరులు కావలసి వచ్చారు. సలీం అలీ పిలిపించుకొన్నది బీహారుకు చెందిన మీర్‌షికార్లను. పక్షులను పట్టి అమ్ముకోవడమే వారి కులవృత్తి. ఆ చేతులే పిట్టకు కడియం తొడిగి వదలడం నేర్చాయి.

అట్లని ఆయన తుపాకిని పూర్తిగా విడిచారని వ్రాస్తే అసత్యమవుతుంది. సర్వేలలో నమూనాల కొరకు పక్షులను కాల్చారు. శాస్త్రానికి అది అవసరమనే వాదించారు. దానిని విమర్శించేవారున్నారు. మాకు తోచినది ఇంతే: ఆయన కాల్చిన ప్రతి పక్షికీ తేదీ, ఊరు, కొలతలు వ్రాసి పెట్టారు. ఉండేలుతో మన పిల్లలు పడగొట్టే పిట్టలకు ఏ లెక్కా లేదు.

రిప్లేతో కలసి వ్రాసిన పది సంపుటాల మహాగ్రంథం 1974 నాటికి ముగిసింది. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ లభించాయి. 1985లో రాజ్యసభకు నియుక్తులయ్యారు. అదే ఏడు వెలువడిన ఆత్మకథకు పేరు పెట్టుకోవలసి వచ్చినప్పుడు, చిన్ననాడు నేలరాలిన ఆ పిచ్చుకనే తలచుకొన్నారు. మరుసటి ఏడాది, 1986లో, మన పొరుగున కడప జిల్లా పొదలలో, 1900 తర్వాత ఎవరికీ కనబడని కలివికోడిని ఆయన సంఘం వారే మరల కనుగొన్నారు. అప్పటికి ఆయనకు తొంబదేండ్లు సమీపించాయి. 1987 జూన్ 20న బొంబాయిలో కన్నుమూశారు.